బురదదారిన తెచ్చిన మన్ను

మా అమ్మాయి నిన్న సాయంత్రం కొండల్లో నడిచొచ్చింది. ట్రెక్కింగ్ అంటారట. శివరాత్రి వెళ్లాక ఎప్పుడూ పడని వాన ఈసారి పడింది. దారంతా బురదైందట, అదే మజా అట. బూట్లు గడప అవతల వదిలి, "అమ్మా, ముట్టుకోవద్దు, పొద్దున నేనే కడుక్కుంటా" అని పోయి పడుకుంది. ఆ మాట విలువెంతో నాకు తెలుసు కాబట్టి, తెల్లవారగానే కుళాయి దగ్గర పీట వేసుకుని నేనే కూర్చున్నాను.

బూటు అడుగున మట్టి వేలెడు మందాన అతుక్కుని ఉంది. పుల్ల పెట్టి పెకలిస్తే పెళ్లలుగా ఊడింది. దాంతోపాటు వాసన వచ్చింది. పైన ఆరి లోపల ఆరని మట్టికి ఒక వాసన ఉంటుంది. తొలకరి వాసన కాదది, ఇంకొంచెం పచ్చిగా, ఉప్పగా ఉంటుంది. ఆ వాసన నన్ను కడప నుంచి లేవదీసి జహ్రా అవతల నిలబెట్టింది. జహ్రా కువైట్లో ఉంది. కువైట్లో బురదేంటమ్మా అని మా అమ్మాయి నవ్వుతుంది. దానికి తెలిసిన కువైట్ సెంటు సీసాలు, ఖర్జూరం పెట్టెలు. నాకు తెలిసిన కువైట్ మొదట బురద, తర్వాతే మిగతావన్నీ.

అప్పుడు నాకు పదేళ్లు నిండీ నిండని వయసు. నాయన షువైఖ్‌లో ఒక గ్యారేజీలో మెకానిక్కు. అమ్మ రిగ్గైలో ఒక కువైటీ ఇంట్లో వంటమనిషి. ఆ ఇంటి వెనక పెరట్లో ఉన్న ఒంటిగది మాది. ఇంటావిడను అమ్మ 'మామా' అని పిలిచేది. అక్కడ ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లంతా అలాగే పిలుస్తారు. అమ్మను చూసి నాయనా, వాళ్లిద్దరినీ చూసి నేనూ మామా అనేవాళ్లం. ఆమె భర్త ఎప్పుడో పోయాడు. కూతుళ్లు అత్తారిళ్లకు వెళ్లిపోయారు. ఇంట్లో మిగిలింది ఆఖరి కొడుకు. అమ్మ పనిలో చేరేనాటికి బడికి పోయే పిల్లవాడు. నాకు ఊహ తెలిసేనాటికి సైన్యంలో చేరి, గట్టి బూట్లు టకటకలాడిస్తూ గురువారం సాయంత్రాలు ఇంటికొచ్చే మనిషయ్యాడు. అమ్మకు మాత్రం ఎప్పటికీ 'చిన్నబ్బోడు'. అన్నం కలిపి పెట్టిన చేతికి యూనిఫాం కనిపించదు కదా.

మామా నోటికి జడవని మనిషి ఆ వీధిలో లేడు. యల్లా, యల్లా, అంటే కానీ కానీ అని, పొద్దుటి నుంచి అమ్మ వెంట పడేది. ఆ నోటితోనే, నాకు జ్వరం వస్తే పెరటి గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చుని ఏవేవో చదివి నా నుదుటి మీద ఊదేది. జ్వరం దేనికి తగ్గేదో గానీ తగ్గేది.

ఆ ఏడు శీతాకాలం వానలు బాగా పడ్డాయి. అక్కడ వాన పడితే పది నిమిషాలు, లేకపోతే లేదు అంటారు గానీ, ఆ ఏడు రోజంతా పట్టిన ముసుర్లు నాకు గుర్తు. మా గది కప్పు కారడం మొదలైంది. నాయన తారు తెచ్చి పూశాడు. పూసినచోట కాకుండా ఇంకోచోట కారింది. అన్నం గిన్నె పక్కన ఒకటి, నా మంచం కాళ్ల దగ్గర ఒకటి, బిందెలు పెట్టుకుని పడుకునేవాళ్లం. ఒకరోజు అమ్మ నడుం మీద చెయ్యేసి కప్పుకేసి చూసి, ఇంత సౌడు పోస్తే పొయ్యేదానికి ఇన్ని యాతనలా అంది.

సౌడంటే చవుడు. మా సీమలో పాత మిద్దెలకు ఏటా వానాకాలం ముందు చవుడు పోస్తారు. ఉప్పు పేలి తెల్లగా కనపడే నేల ఉంటుంది, గడ్డి కూడా మొలవదు. ఆ మట్టి తవ్వుకొచ్చి మిద్దె మీద పరిచి, తడిపి, దిమ్మిసతో కొడితే చుక్క దిగదు. పంటకు పనికిరాని నేల ఇంటికి పనికొస్తుంది. మా అవ్వ వాళ్ల ఊళ్లో ఆ పని ఆడవాళ్లదే. అమ్మ పెళ్లికి ముందు ఏటా చేసిందట. కువైట్లో ఆ మట్టి ఎక్కడ దొరుకుతుందే అని నాయన నవ్వాడు.

దొరికింది. వానలు పడ్డాక కువైటీలకు ఇంట్లో కాలు నిలవదు. ఎడారి పచ్చబడిందని వార్త తెలిస్తే చాలు, డేరాలూ ఫ్లాస్కులూ కట్టుకుని బయల్దేరతారు. ఒక శుక్రవారం చిన్నబ్బోడు తన వనైత్‌లో, అంటే వెనక తొట్టి ఉన్న చిన్న బండిలో, మామాను ముందు కూర్చోబెట్టుకుని, అమ్మనూ నన్నూ వెనక ఎక్కించుకుని పోతున్నాడు. జహ్రా దాటుతుండగా సముద్రం వైపు నేల కనుచూపు మేర తెల్లగా కనిపించింది. అమ్మ లేచి నిలబడి బండి టాపు మీద దబదబా కొట్టింది.

"ఆపప్పా, ఆపు. సౌడు నేల ఉండాది ఆడ."

చిన్నబ్బోడు దిగి, విషయమంతా విని, తల అడ్డంగా తిప్పాడు. దాన్ని సబ్ఖా అంటారట. పైన గట్టిగా కనపడుతుంది గానీ కింద జిగురు. ఒంటెలు కూడా దిగబడిపోతాయని చేతులతో చూపించాడు. చవుడు కంటపడ్డాక అమ్మ ఆగే మనిషి కాదు.

"ఒంటెలు దిగబడితే ఒంటెల తప్పు. మా తాతల కాడ్నించి తొక్కిన నేల ఇది, నాకు చెప్తాండావా నువ్వు."

అలా మొదలైంది మా నడక. రోడ్డు దిగగానే గొర్రెలు నడిచి నడిచి చేసిన కాలిబాట ఒకటి ఉంది. రాత్రి వాన తాలూకు నీళ్లు అందులో ఇంకా నిలిచి ఉన్నాయి. అమ్మ పొడుగు గౌను ఎత్తి నడుంలో దోపుకుంది. నా హవాయి చెప్పులు అడుగడుక్కీ బురదను ఎగరేసి నా వీపుకే కొడుతున్నాయి. పది బారలు పోయేసరికి చెప్పు కింద ఇంకో చెప్పు తయారైంది, దాని కింద ఇంకొకటి. ఒక్కసారిగా ఎత్తు పెరిగినట్టు ఊగుతూ నడిచాను. చిన్నబ్బోడు బూట్లతో ముందు నడుస్తూ, ఎక్కడ పొద ఉంటే అక్కడ కాలు వెయ్యమని నాకు నేర్పాడు. పొద ఉన్నచోట వేరు ఉంటుంది, వేరు మట్టిని పట్టుకుంటుంది. వెనక బండిలోంచి మామా అద్దం దించి, నారింజ పండు ఒలుచుకుంటూ, అందరికీ పిచ్చి పట్టిందని అరుస్తోంది.

తెల్ల నేల మీద అమ్మ ఠీవిగా నాలుగడుగులు వేసింది. అయిదో అడుగుకు మోకాలిదాకా దిగిపోయింది. కాలు బయటికి వచ్చింది గానీ చెప్పు రాలేదు. చిన్నబ్బోడు పడీ పడీ నవ్వాడు. వాణ్ణి చూసి నేను, నన్ను చూసి అమ్మ. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు కాబట్టి, ఒంటి చెప్పుతోనే అంచు దగ్గర కూర్చుని బండిలోంచి తెచ్చిన రెండు గోనెలకు మట్టి నింపింది. ఒకదాన్ని తల మీద పెట్టుకుని ఆ బురదలో వెనక్కి నడిచింది చూడండీ, ఇప్పటికీ నా కళ్లలో ఉంది. రెండో గోనె సైనికుడిగారు మోశారు.

మిద్దె మీద మన్ను పోశాం. అమ్మ దిమ్మిస లేక నాయన గ్యారేజీ నుంచి తెచ్చిన చెక్క మొద్దుతో కొట్టింది. తర్వాత వాన వచ్చింది. ముందు రెండు చోట్ల కారేది ఈసారి అంతటా కారింది. నాయన నోట్లో ఒక చుక్క పడితే చప్పరించి, పప్పులోకి ఉప్పు కొనే పని తప్పింది అన్నాడు. మన చవుడు నీళ్లను ఆపుతుంది, సముద్రపు చవుడు నీళ్లను పిలుస్తుంది. చూడ్డానికి రెండూ ఒకటే. కడప మనిషి తప్ప ఇంకెవరూ చేయలేని పొరపాటు అది. అమ్మ రెండ్రోజులు నాయనతో మాట్లాడలేదు, కారింది నాయనైనట్టు.

ఆ రెండ్రోజుల తర్వాత చిన్నబ్బోడు ఒక మాట చెప్పాడు. ముత్లా గుట్ట ఎక్కి అవతలికి దిగితే ఖబ్రాలు ఉంటాయి. అంటే వాన నీళ్లు చేరి నిలిచే పల్లాలు. నీళ్లు ఇంకిపోయాక అడుగున మైదాపిండిలాంటి బంకమన్ను మిగులుతుంది. కావాలంటే ఆ మన్ను చూడమన్నాడు. వాడికి అక్కడ వేరే పనుంది. వాడికి కావలసింది ఫగ్గా. ఉరుములు ఉరిమిన ఏడు ఎడారిలో భూమి లోపల ఊరే గడ్డ, మన పుట్టగొడుగుకు చుట్టం. దానికోసం కువైటీలు ప్రాణం పెడతారు.

ఆ వసంతమంతా శుక్రవారాలు మావి. రోడ్డు మీద బండి ఆపి, గుట్ట వంపు దగ్గర దిగి, నీళ్ల లారీలు తిరిగి చేసిన గాడుల మధ్య మిట్ట మీద నడిచేవాళ్లం. రెండు పక్కలా నువైర్ పూలు పసుపు పచ్చగా, నేలకు అంటుకుని పూసేవి. గాడుల్లో బురద మీద పిట్టల కాళ్ల గుర్తులు, ఒంటె కాళ్ల గుర్తులు. ఒంటె అడుగులో నా రెండు కాళ్లూ పట్టేవి. ఒకదాంట్లోంచి ఒకదాంట్లోకి గెంతుతూ పోతే, వెనక అమ్మ గౌను ఉతికేది నువ్వా నేనా అని గొణుగుతూ వచ్చేది. ఆమె కాళ్లకీ నా కాళ్లకీ తేడా ఏమీ ఉండేది కాదు.

ఫగ్గా ఎక్కడుందో కనిపెట్టడం చిన్నబ్బోడే నేర్పాడు. వాలు ఎండలో కూర్చుని నేలను ఓరగా చూడాలి. ఎక్కడో ఒకచోట నేల కొంచెం ఉబ్బి, పైన సన్నగా చీలి ఉంటుంది. వేళ్లతో తీస్తే చల్లగా తగులుతుంది. దాని వాసన ఎలా ఉంటుందంటే అప్పుడే పెరికిన శనక్కాయ చెట్టు వేళ్లను ముక్కు దగ్గర పెట్టుకున్నట్టు ఉంటుంది. అమ్మ మొదటి గడ్డను వాసన చూసి, మళ్లీ ఒకసారి చూసి, నా ముక్కు దగ్గర పెట్టింది. పొద్దంతా తిరిగి ఒక్కోసారి నాలుగు గోలీలంత గడ్డలే తెచ్చేవాళ్లం. కొండను తవ్వి ఎలుకను పట్టారని నాయన అనేవాడు. మామా వాటిని నీళ్లు మార్చి మార్చి కడిగించి, నెయ్యి వేసి అన్నంలో వండించేది. మా గదిలో మాత్రం అమ్మ వాటికి ఎర్రకారం, చింతపండు తగిలించి పులుసు పెట్టేది. చిన్నబ్బోడు ముందు లోపల అన్నం తిని, తర్వాత పెరటి గుమ్మంలోంచి వచ్చి, ముక్కు తుడుచుకుంటూ మా పులుసు తినేవాడు.

ఖబ్రా మన్ను అమ్మ చేతిలో మాట విన్నది. నెలంతా మోసి, ఉప్పుమట్టి తీసేసి దీన్ని పోసి, తడిపి, కొట్టి, అరచేత్తో మెత్తింది. పిట్టగోడ మూల వైపు వాలు రావాలని అక్కడ జానెడు మందం వేసింది. చివరి వాన గట్టిగానే పడింది. బిందెలు పెట్టుకుని చూస్తూ కూర్చున్నాం. చుక్క పడలేదు. మరునాడు మామా మోకాళ్లు పట్టుకుంటూ ఇనుప నిచ్చెన ఎక్కి వచ్చి, చెప్పులు విడిచి ఆ మన్ను మీద నడిచి చూసింది. అక్కడే చాప వేయించుకుని టీ తాగింది. ఇంత చల్లగా ఉంటుందని తెలిస్తే నా గదికీ పోయించుకునేదాన్ని కదా అని అమ్మను తిట్టింది. వచ్చే ఏడు పోస్తానని అమ్మ మాటిచ్చింది.

వచ్చే ఏడు మా చేతుల్లో లేదని ఎవరికి తెలుసు. ఎండాకాలం నడిమధ్య ఒక తెల్లవారుజామున ఇరాక్ సైన్యం వచ్చింది. ఆకాశంలో చప్పుళ్లు, వీధిలో ట్యాంకులు. నాయన గ్యారేజీకి వెళ్లకుండా ఇంటి దగ్గరే ఉండటం చూసి నేను ముందు సంబరపడ్డాను. మామా నోరు మూతపడింది. అదే అన్నిటికంటే భయమేసింది నాకు. కొడుకు సైనిక శిబిరంలో ఉన్నాడు, బతికున్నదీ లేనిదీ తెలియదు.

పదో రోజు మధ్యాహ్నం చిన్నబ్బోడు పెరటి తలుపు తోసుకుని వచ్చాడు. ఒంటి మీద ఎవరిదో పొట్టి దిష్‌దాషా, అక్కడి మగవాళ్లు వేసే పొడుగు అంగీ. కాళ్లకు రబ్బరు చెప్పులు. చంకలో బియ్యం సంచి, అందులో యూనిఫాం, బూట్లు. మామా వాడి మొహం పట్టుకుని చూసి, సంచిలో చెయ్యి పెట్టి, నిప్పు తగిలినట్టు వెనక్కి తీసింది.

ఎందుకంటే ఇళ్లు వెతుకుతున్నారు. యూనిఫాం దొరికితే ఆ ఇంటి మగవాణ్ణి తీసుకుపోతారు. తీసుకుపోయినవాళ్లు తిరిగి రావడం లేదని వీధిలో చెప్పుకుంటున్నారు. కాలుద్దామంటే పొగ. చెత్తకుండీలో వేద్దామంటే కుండీలూ వెతుకుతున్నారు. బూట్ల సంగతి నాయన చూసుకున్నాడు. పై భాగం కోసేసి, గ్రీజు పూసి, తన పనిముట్ల డబ్బా పక్కన పడేశాడు. ఇక షువైఖ్‌లో ఏ మెకానిక్కు పాత బూట్లో అవి. బట్టలు మిగిలాయి. మామా వాటిని ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. అమ్మ వచ్చి ఆమె ఒళ్లోంచి తీసుకుంది.

నిచ్చెన ఎక్కి, మూలన జానెడు మందం ఉన్నచోట మన్ను పలుగుతో తీసి, బట్టలు పలకలా మడిచి పెట్టి, మళ్లీ మన్ను కప్పి మెత్తింది. కింద నుంచి నేను బిందెతో నీళ్లు అందించాను. ఆ ఎండకు మన్ను సాయంత్రానికల్లా ఆరిపోయింది. అదే వచ్చిన చిక్కు. తొందరగా ఆరిన మన్ను పగులుతుంది. పాత మన్నుకూ కొత్త మన్నుకూ మధ్య నలుచదరంగా సన్నటి పగులు తేలింది. ఎన్నిసార్లు మెత్తినా మళ్లీ తేలేది. అమ్మ దాని మీద ఒక గుడ్డ పరిచి, మిగిలిపోయిన ఖుబ్బూస్ రొట్టెలు తుంచి ఎండబెట్టడం మొదలుపెట్టింది. ఆ రోజుల్లో రొట్టె దొరకడమే గగనం, కాబట్టి ఎవరికీ అనుమానం రాదు.

వాళ్లు వచ్చినప్పుడు అమ్మా నేనూ మిద్దె మీదే ఉన్నాం. కింద ఇంట్లో సామాన్లు లాగుతున్న చప్పుడు. ఒక ఆఫీసరు చిన్నబ్బోణ్ణి నడవలో నిలబెట్టి అడుగుతున్నాడు. ఏదో కంపెనీలో గుమాస్తానని వాడు చెబుతున్నాడు. మామా వాడి చెయ్యి వదలడం లేదు. ఒక సైనికుడు మా గది చూసి, నిచ్చెన ఎక్కి పైకి వచ్చాడు. నడివయసు మనిషి. మీసంలో తెల్లవెంట్రుకలు. తుపాకీ వీపుకు ఉంది. మమ్మల్ని చూశాడు. తర్వాత కాళ్ల కింద నేలను చూశాడు. చూసి, ఆగిపోయాడు.

ఈ తీన్ ఎవరు వేశారని అడిగాడు. తీన్ అంటే మట్టి. అమ్మ తన గుండె మీద వేలు పెట్టుకుని చూపించింది. ఆయన గొంతుక్కూర్చుని అరచేత్తో మన్నును తడిమాడు. వంటింట్లో నేర్చిన అరబీతో అమ్మకు అర్థమైందీ, నా బడి స్నేహితుల దగ్గర నేర్చినదాంతో నాకు అర్థమైందీ కలిపి చెబుతున్నాను.

"మా ఇల్లూ ఇంతే, ఉఖ్తీ. మట్టి మిద్దె. మా అమ్మ ముసలిది. ఏటా వానలకు ముందు నేనే మన్ను వేస్తాను. ఈ ఏడు ఇక్కడున్నాను."

ఉఖ్తీ అంటే అక్కా చెల్లెలా అనడం. తుపాకీ ఉన్న మనిషి అలా పిలుస్తాడని మేం అనుకోలేదు. ఆయన చూపు రొట్టెల గుడ్డ మీదికి పోయింది. గుడ్డ పక్కన నేల మీద పడి ఉన్న ఒక రొట్టె తునక తీసి, పెదవులకు తాకించి, గుడ్డ మీద పెట్టాడు. తర్వాత గుడ్డను రెండు చేతులతో, ఒక్క తునకా కింద పడకుండా, పక్కకు లాగాడు. పగులు కనపడింది. మా పై ప్రాణాలు పైనే పోయాయి.

ఆయన తల ఊపి, తిబ్న్ కలపలేదు నువ్వు, గడ్డి కలపకపోతే ఇలాగే పగులుతుంది అన్నాడు. అంటూ బొటనవేలు పగుల్లో పెట్టి నొక్కాడు. మన్ను కొంచెం లోపలికి దిగింది. వేలు అక్కడే ఆగింది. ఆయన తలెత్తి అమ్మను చూశాడు. అమ్మ నా భుజం పట్టుకుంది. ఆ పట్టు నొప్పి ఇప్పటికీ తెలుస్తుంది నాకు. కింద ఆఫీసరు పైన ఏముందని కేక వేశాడు.

ఆయన నీళ్లు తెమ్మని నాకు సైగ చేశాడు. చెంబు ఇచ్చాను. పిట్టగోడ వారనుంచి గుప్పెడు మన్ను తీసి, నీళ్లు పోసి, అరచేతిలో పిసికి, కొన్ని ఎండు గడ్డిపోచలు ఏరి కలిపి, ఆ పగులు పొడుగునా నింపాడు. నాలుగు వైపులా నింపి, తడి చేత్తో మెత్తాడు, అమ్మ మెత్తినట్టే. చేతులు ప్యాంటుకు తుడుచుకుని, రొట్టెల గుడ్డను మళ్లీ అక్కడికే లాగి, లేచాడు.

"మాకూ షీ" అని కిందికి కేకేశాడు. ఏమీ లేదు అని.

నిచ్చెన దిగి వెళ్లిపోయాడు. వాళ్లు ఫ్రిజ్‌లో ఉన్న కోడిని, ఒక రేడియోను పట్టుకుపోయారు. చిన్నబ్బోడు నడవలోనే కూలబడ్డాడు. మామా వాడి తల ఒళ్లో పెట్టుకుని, చాలాసేపటికి, నోరు తెరిచి ఏడ్చింది.

ఆ మనిషికి తెలిసిందా లేదా అనేది మా ఇంట్లో తెగని తగువు. నాయన లెక్కలో ఆయన మట్టి పిచ్చోడు, ఊరు గుర్తొచ్చి మైమరిచాడు, అంతే. అమ్మ ఒకే మాట అనేది.

"బొటనేలికి బట్టలు తగిలినాక గూడా తెల్దా?"

రొట్టెల గుడ్డ ఎత్తి చూస్తే కొత్త మన్ను మీద ఆయన చేతివేళ్ల గుర్తులు పడి ఉన్నాయి. ఎప్పుడూ చిన్న గీత ఉన్నా ఓర్చుకోని అమ్మ, వాటిని చెరపలేదు.

వానలు రాకముందే మేం బయల్దేరాల్సి వచ్చింది. అమ్మ రానని కూర్చుంటే మామానే తిట్టి పంపింది. పిల్లను చూసుకో, నా కొడుకును నేను చూసుకుంటాను అంది. బస్సు ఉత్తరం వైపు పోయింది, జహ్రా మీదుగా, ముత్లా గుట్ట ఎక్కి. మేం బండి ఆపి దిగే వంపు వచ్చినప్పుడు అమ్మా నేనూ ఒకేసారి కిటికీ వైపు తిరిగాం. పూలు లేవు, దారి లేదు. దుమ్ము తప్ప ఏమీ లేదు. తర్వాత ఇరాక్, జోర్డాను డేరాలు, బొంబాయి, రైలు. ఆ కథ అందరూ చెప్పేదే, నేను వేరే చెప్పను.

మరుసటి వసంతం మేం కడపలో ఉన్నాం. యుద్ధం ముగిసిందని నాయన పేపరు తెచ్చాడు. మొదటి పేజీలో ఫొటో. రోడ్డు పొడుగునా కాలిపోయిన లారీలు, కార్లు, ట్యాంకులు. ఇరాక్ సైన్యం వెనక్కి పారిపోతుంటే పైనుంచి బాంబులు వేశారట. రోడ్డు పక్కన బురద, బురదలో గాడులు. నేను వంపును గుర్తుపట్టాను. అమ్మకు చదువు రాదు. నేను చెప్పకముందే గుర్తుపట్టింది. పేపరు వెలుతురు వైపు పెట్టుకుని ఒక్కొక్క బండినీ వేలితో తాకుతూ చూసింది. చూసేదేముంది, అంతా బూడిదే అన్నాడు నాయన. అమ్మ ఇంకో బండి మీదికి వేలు జరిపింది.

వేసవిలో ఒకరోజు బజారులో ఫోనున్న అంగడి నుంచి కబురొచ్చింది, కువైట్ నుంచి ఫోనని. పరిగెత్తాం. చిన్నబ్బోడు. బతికున్నాడు. మామా కూడా బాగుంది, వెనక నుంచి యల్లా యల్లా అంటోంది, నాకివ్వు అని. అమ్మ ఏడుస్తూ నవ్వుతూ మొదట అడిగిన మాట, మిద్దె కారిందా అని. వాడు చెప్పాడు. బావులు తగలబడి ఆకాశమంతా పొగే, వాన కూడా నల్లగా పడింది, పెద్దింట్లో మూడు గదులు కారాయి, మీ గదిలో చుక్క పడలేదు. బట్టలు తీశాను, పక్క నుంచి తవ్వి తీశాను, ఆ వేళ్ల గుర్తులు అలాగే ఉన్నాయి అన్నాడు. ఫగ్గాకు పోయావా అని నేను అందుకుని అడిగాను. ఎడారి నిండా మందుపాతరలు పెట్టి పోయారు, ఎర్ర జెండాలు పాతారు, ఇక అక్కడ ఎవరూ నడవరు అన్నాడు. మా దారి అలా పోయింది.

ఇంటికి నడిచి వస్తున్నాం. ముందురోజు వాన పడి సందంతా బురద. అమ్మ చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని, చెప్పులు చేత్తో పట్టుకుని, గట్టి నేల చూసి అడుగేస్తోంది. ఎంతో సంతోషంగా ఉందనుకుని నేను పక్కన గెంతుతున్నాను. సందు మలుపులో ఆగింది.

"మన మిద్దె నిలిచింది, మేలే. వాళ్లమ్మ మిద్దెకు ఈ యేడు మన్నెవురు పోసినారో."

ఆ వేళ్ల గుర్తుల మనిషి వాళ్లమ్మ అని నాకు తెలిసింది. అడగాల్సిన పనిలేదు.

అమ్మ పోయి చాలా ఏళ్లయింది. రిగ్గైలో ఆ ఇల్లు కూడా లేదు, అపార్టుమెంటు కట్టారట. మా అమ్మాయి లేచి వచ్చింది. ముట్టుకోవద్దన్నానా అని కసిరి, బూట్లు తీసుకుంది. గట్టు మీద నేను వరసగా పెట్టిన మట్టి పెళ్లలు చూసి, వీటిని పారేయకుండా ఎందుకు పెట్టావమ్మా అంది. పోయడానికి మాకిప్పుడు మట్టి మిద్దె లేదు. అయినా పారేయడానికి చెయ్యి రాలేదు.